థైరాయిడ్ కేన్సర్ అని రిపోర్టు వచ్చింది: ఎంత తొందరపడాలి, ఎంత ఆపరేషన్ చేయించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అక్కకి 34 ఏళ్లు. మెడ నొప్పి అని తీసిన స్కాన్‌లో థైరాయిడ్ కుడివైపు 1.4 సెంటీమీటర్ల గడ్డ కనపడింది. సూది పరీక్షలో పాపిల్లరీ కార్సినోమా (థైరాయిడ్ కేన్సర్లలో ఒక రకం), బెథెస్డా 6 (సూది పరీక్ష ఫలితానికి ఇచ్చే అంకె) అని వచ్చింది. థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష మాత్రం నార్మల్. ఒక డాక్టరు గ్రంథి మొత్తం తీసేసి రేడియో అయోడిన్ (మిగిలిపోయిన థైరాయిడ్ కణాలను చంపే రేడియోధార్మిక మందు) ఇద్దామన్నారు, ఇంకొకరు సగం తీస్తే చాలన్నారు. చుట్టాలేమో "ఇది మంచి కేన్సర్, ఏం కాదు" అంటున్నారు. ఎవరి మాట వినాలి, ఎంత తొందరపడాలి అని అడుగుతున్నారు.

థైరాయిడ్ ఆపరేషన్లు చేయడమే నా పని కాబట్టి ముందు తొందర సంగతి చెప్తాను. ఈ వారంలోనే ఆపరేషన్ అయిపోవాలన్న టెన్షన్ పెట్టుకోకండి. ఈ సైజులో ఉన్న పాపిల్లరీ గడ్డ సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని వారాలు ఆగి, మెడ మొత్తం స్కాన్ సరిగ్గా చేయించుకుని, ఇద్దరు సర్జన్లతో మాట్లాడి నిర్ణయించుకుంటే పోయేదేమీ లేదు. ఆ వారాల్లో మీరు తేల్చుకోవాల్సినవి నాలుగే: ఏ రకం, ఎంత సైజు, గ్రంథి దాటి బయటికి వచ్చిందా, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా. సగమా మొత్తమా, రేడియో అయోడిన్ కావాలా వద్దా అన్నవన్నీ వీటి మీదే ఆధారపడతాయి. కేన్సర్ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ ఆ మాట దగ్గరే ఆగిపోతారు, రిపోర్టులో దాని కింద ఉన్న లైన్లు ఎవరూ చదవరు. చదవాల్సింది ఆ లైన్లే.

టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే కేన్సర్ ఎలా వచ్చిందన్నది చాలామందికి వచ్చే అనుమానమే. టీఎస్‌హెచ్, టీ3, టీ4 చెప్పేది గ్రంథి హార్మోన్ సరిగ్గా తయారుచేస్తోందా లేదా అని మాత్రమే. ఒక మూల చిన్న గడ్డ ఉన్నా మిగతా గ్రంథి తన పని తాను చేసుకుంటూ పోతుంది కాబట్టి థైరాయిడ్ కేన్సర్ ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఈ పరీక్షలు నార్మల్‌గానే వస్తాయి. నొప్పి కూడా ఉండదు. మీ అక్క మెడ నొప్పికి, ఈ గడ్డకు సంబంధం ఉండకపోవచ్చు, వేరే దేనికో స్కాన్ తీస్తే ఇది బయటపడింది అంతే. ఈ రోజుల్లో చాలామందికి ఇలాగే తెలుస్తోంది.

అసలు థైరాయిడ్‌లో గడ్డలు ఎంత మామూలంటే, ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్లను వరసగా కూర్చోబెట్టి అల్ట్రాసౌండ్ చేస్తూ పోతే దాదాపు సగం మందిలో ఏదో ఒకటి కనపడుతుంది. వాటిలో కేన్సర్ అయ్యేవి నూటికి ఐదు నుంచి పది. ఆ కేన్సర్లలో కూడా కొన్ని ఎప్పటికీ మనిషికి హాని చేయనివే. దక్షిణ కొరియాలో ఇది దేశం మొత్తం మీద రుజువైంది. 1999లో అక్కడ ప్రభుత్వం కేన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ లిస్టులో లేకపోయినా ఎలాగూ వచ్చారు కదా అని చాలామంది మెడ స్కాన్ కూడా చేయించుకున్నారు. 2011 నాటికి థైరాయిడ్ కేన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లు అయ్యాయి, ఆ జబ్బుతో చనిపోయేవాళ్ల సంఖ్యలో మాత్రం మార్పు లేదు. అంటే కొత్తగా జబ్బు పుట్టుకురాలేదు, ఎప్పటినుంచో మెడలో ఊరికే ఉన్నవి బయటపడ్డాయి, వేల మందికి గ్రంథులు తీసేశారు. అందుకే ఏ లక్షణమూ లేనివాళ్లు ఊరికే థైరాయిడ్ స్కాన్ చేయించుకోవద్దని 2017లో అమెరికా నిపుణుల బృందం స్పష్టంగా చెప్పింది. మీ అక్కకి వచ్చిందని ఇంట్లో అందరూ వెళ్లి స్కాన్లు తీయించుకోవడం మొదలుపెట్టకండి. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇప్పించుకున్నవాళ్లు, కుటుంబంలో ఒకరికి మించి ఈ కేన్సర్ వచ్చినవాళ్లు, మెడలో గడ్డ చేతికి తగులుతున్నవాళ్లు, వీళ్ల సంగతి వేరు, వాళ్లు చూపించుకోవాలి.

రేడియేషన్ మాట ఎందుకంటే, ఈ కేన్సర్‌కి గట్టిగా రుజువైన కారణం అదే, ముఖ్యంగా చిన్న వయసులో తగిలితే. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత రేడియోధార్మిక అయోడిన్ పాలలో చేరి పిల్లల ఒంట్లోకి వెళ్లింది, కొన్నేళ్లకు బెలారస్, ఉక్రెయిన్, రష్యాల్లో పిల్లల్లో పాపిల్లరీ కేన్సర్లు బాగా పెరిగాయి. అయితే ఎక్కువ మందిలో ఇదీ కారణం అని చూపించడానికి ఏమీ దొరకదు. మీ అక్క ఏం తిన్నదని, ఏం చేసిందని వచ్చింది అని వెతకొద్దు. ఆమె చేసిన తప్పేమీ లేదు, ఆ మాట ఆమెతో ఎవరైనా అనాలి.

ఇప్పుడు రకాలు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే థైరాయిడ్ కేన్సర్ అనేది ఒక జబ్బు కాదు, ఒకే చోట పుట్టే నాలుగు వేరు వేరు జబ్బులు.

పాపిల్లరీ అన్నిటికన్నా ఎక్కువ, నూటికి 80కి పైగా ఇదే. మెడలోని లింఫ్ గ్రంథులకు పాకే గుణం దీనికి ఉంది, అయినా చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఫాలిక్యులర్ రెండోది, ఇది లింఫ్ గ్రంథుల కన్నా రక్తనాళాల ద్వారా ఊపిరితిత్తులకు, ఎముకలకు పోతుంది. దీనితో ఒక చిక్కుంది. సూది పరీక్షలో ఇది కేన్సరా మామూలు గడ్డా అన్నది తేలదు. ఫాలిక్యులర్ గడ్డ చుట్టూ ప్రహరీ గోడలా ఒక పొర ఉంటుంది, కణాలు ఆ గోడ దాటి బయటికి వచ్చాయా, రక్తనాళంలోకి దూరాయా అన్నదే తేడా. సూది లోపలి నుంచి నాలుగు కణాలు లాక్కొస్తుంది గాని గోడ సంగతి చెప్పలేదు. కాబట్టి రిపోర్టులో ఫాలిక్యులర్ నియోప్లాజమ్, బెథెస్డా 4 అని వస్తే చాలామందికి ఆ సగం గ్రంథి తీసి మైక్రోస్కోప్ కింద చూశాకే సంగతి తెలుస్తుంది. డాక్టరుకి సరిగ్గా తెలీక ఆపరేషన్ అంటున్నాడని అనుకోవద్దు, ఆ జబ్బు తీరే అంత. కొన్నిచోట్ల ఇప్పుడు జన్యు పరీక్షలు కొంత సాయం చేస్తున్నాయి.

మూడోది మెడల్లరీ. నూటికి మూడు నాలుగు ఉంటుంది, పుట్టేది హార్మోన్ తయారుచేసే కణాల్లో కాదు, పక్కనే ఉండే సీ కణాల్లో. వీటికి అయోడిన్‌తో పని లేదు కాబట్టి రేడియో అయోడిన్ దీనిమీద పనిచేయదు. ఈ కణాలు రక్తంలోకి వదిలే కాల్సిటోనిన్, సీఈఏ అనే పదార్థాలు ఎంతున్నాయో చూస్తారు. నాలుగింట ఒక వంతు మందిలో ఇది ఆర్ఈటీ అనే జన్యువులో మార్పు వల్ల తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది, అందుకే మెడల్లరీ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఆ జన్యు పరీక్ష చేయించాలి, మార్పు ఉంటే రక్తసంబంధీకులకూ చేయించాలి. ఇంకో ముఖ్యమైన మాట: వంశపారంపర్య రకంలో కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో కూడా గడ్డ ఉండొచ్చు, అది తెలీకుండా మత్తు ఇస్తే బీపీ ప్రమాదకరంగా పెరిగిపోతుంది. మెడల్లరీ అనగానే ఆపరేషన్‌కి ముందు ఆ అడ్రినల్ గడ్డ కోసం పరీక్ష అయిందా అని అడగండి.

నాలుగోది అనాప్లాస్టిక్. నూటికి ఒకటో రెండో, ఎక్కువగా వయసు మళ్లినవాళ్లలో. మెడలో గడ్డ వారాల్లోనే కళ్లముందు పెరిగిపోతుంది, గొంతు బొంగురు, మింగడం కష్టం, ఊపిరాడకపోవడం వరసగా వస్తాయి. దీనికి మాత్రం రోజులు కూడా లెక్కే. బీఆర్ఏఎఫ్ జన్యుమార్పు ఉందా అని వెంటనే పరీక్షించాలి, ఉన్నవాళ్లకు డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే రెండు మందులు కలిపి ఇవ్వడానికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బుకు చేతిలో దాదాపు ఏమీ ఉండేది కాదు.

"మంచి కేన్సర్" అన్న మాట నాకు ఎందుకు నచ్చదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అనాప్లాస్టిక్ వచ్చినవాళ్లకు అది అబద్ధం. పాపిల్లరీ వచ్చినవాళ్లకు, అంకెల లెక్కన నిజమైనా, మెడ మీద కోత, జీవితాంతం మాత్ర, ఏటా స్కాన్‌కి ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం ఇవన్నీ వాళ్లవే కదా. ఆ మాట విన్నాక భయంగా ఉందని చెప్పుకోవడానికి కూడా వాళ్లకు చోటుండదు. నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ అని చెప్పండి, అది నిజం, అది చాలు.

మీ అక్క విషయానికి వద్దాం. బెథెస్డా 6 అంటే సూది పరీక్షలో ఆఖరి మెట్టు, కేన్సరే అని దాదాపు ఖాయం. ఈ లెక్కలో 1 అంటే కణాలు సరిపోలేదు మళ్లీ చేయాలి అని, 2 అంటే మామూలు గడ్డ, 3, 4 అటూ ఇటూ కానివి, 5 అనుమానం బలంగా ఉన్నది. 6 అంటే స్టేజి 6 అనుకుని భయపడిపోయినవాళ్లను చూశాను, దీనికీ స్టేజికీ సంబంధమే లేదు. స్టేజి లెక్క ఈ కేన్సర్‌లో వేరేగా ఉంటుంది. పాపిల్లరీ, ఫాలిక్యులర్ రకాల్లో 55 ఏళ్ల లోపువాళ్లకు స్టేజి 1, 2 తప్ప ఇంక లేవు, ఊపిరితిత్తులకు పాకినా సరే అది స్టేజి 2నే. వయసు అంత పెద్ద తేడా తెస్తుంది.

ఇప్పుడు చేయించాల్సింది, ఇంకా చేయకపోయి ఉంటే, మెడ రెండు పక్కలా లింఫ్ గ్రంథుల కోసం ప్రత్యేకంగా అల్ట్రాసౌండ్. మామూలు థైరాయిడ్ స్కాన్‌లో కొన్నిసార్లు గ్రంథి వరకు చూసి ఆపేస్తారు. మంచి రేడియాలజిస్టు భుజాల కింద దిండు పెట్టి మెడ బాగా వెనక్కి వాల్చమంటాడు, ప్రోబ్‌ను దవడ కింద నుంచి కాలర్ ఎముక దాకా నెమ్మదిగా జరుపుతూ రెండు పక్కలా చూస్తాడు, అనుమానంగా కనపడ్డ ప్రతి లింఫ్ గ్రంథికీ కొలత రాస్తాడు. రిపోర్టులో గడ్డ గ్రంథి పైపొరకు ఎంత దగ్గరగా ఉంది, శ్వాసనాళం వైపు ఆనుకుందా, ఎడమవైపు ఏమైనా ఉందా అన్నది కూడా రాయాలి. ఈ వివరాలు లేని రిపోర్టు పట్టుకుని సగమా మొత్తమా అని వాదించుకోవడం దండగ. ఇంకో సంగతి, అవసరం లేకుండా అయోడిన్ ఇంజెక్షన్ ఇచ్చే సీటీ స్కాన్ తీయించకండి, తర్వాత రేడియో అయోడిన్ కావాల్సి వస్తే దానికోసం వారాల తరబడి ఆగాల్సి వస్తుంది. పక్క భాగాలకు పాకిందన్న అనుమానం ఉంటే మాత్రం తీయించాల్సిందే.

ఆ స్కాన్‌లో గడ్డ గ్రంథి లోపలే ఉండి, లింఫ్ గ్రంథులు బాగుండి, రెండోవైపు శుభ్రంగా ఉంటే, నా ఓటు సగం తీయడానికే. దీన్ని లోబెక్టమీ అంటారు. 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు 1 నుంచి 4 సెంటీమీటర్ల మధ్య ఇలాంటి గడ్డలకు సగం తీసినా సరిపోతుందని చెప్పాయి, ఆ తర్వాత ప్రపంచమంతా నెమ్మదిగా ఆ వైపే జరుగుతోంది. మొత్తం తీయాలన్న డాక్టరు తప్పు చెప్పారని కాదు, చాలా ఏళ్లు అందరం అలాగే చేశాం. మొత్తం తీస్తే తర్వాత రక్తపరీక్షతో గమనించడం సులువు, రెండోసారి ఆపరేషన్ అవసరం పడదు. కానీ ప్రతి ఒక్కరికీ జీవితాంతం మాత్ర తప్పదు, కాల్షియం సమస్య వచ్చే అవకాశం ఉంటుంది, స్వరతంతువుల నరాలు రెండింటి దగ్గరా కత్తి పెట్టాలి. సగం తీస్తే ఈ రిస్కులు బాగా తగ్గుతాయి, మాత్ర కూడా కొందరికి అక్కర్లేకపోవచ్చు. దానికి బదులు ఒప్పుకోవాల్సింది ఒకటుంది: తీసిన ముక్క రిపోర్టులో అనుకోనివి కనపడితే, అంటే రక్తనాళాల్లోకి దూరిందనో, దూకుడు రకమనో వస్తే, మిగతా సగం కూడా తీయించాల్సి రావొచ్చు. మీ అక్క ఆ మాట ముందే విని, సరే అనుకుని వెళ్లాలి. మిగిలిన సగం మెడలో ఉందన్న ఆలోచనతోనే నిద్ర పట్టని మనస్తత్వం అయితే, మొత్తం తీయించుకుంటానంటే అదీ కాదనను.

గడ్డ ఒక సెంటీమీటరు లోపు ఉంటే ఆపరేషనే లేకుండా గమనిస్తూ ఉండే దారి కూడా ఉంది. జపాన్‌లో కోబెలోని కుమా హాస్పిటల్ 1993లో ఇది మొదలుపెట్టింది. 1235 మందిని అలా గమనిస్తే పదేళ్లలో గడ్డ 3 మిల్లీమీటర్లు గాని అంతకన్నా ఎక్కువ గాని పెరిగినవాళ్లు 8 శాతం, కొత్తగా లింఫ్ గ్రంథుల్లో కనపడినవాళ్లు 3.8 శాతం, ఈ కేన్సర్‌తో చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. మీ అక్క గడ్డ 1.4, పైగా వయసు తక్కువ, చిన్న వయసువాళ్లలోనే ఎక్కువ పెరిగినట్టు అక్కడే తేలింది. కాబట్టి ఆమెకు ఇది నేను చెప్పను.

సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారండీ అని అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు. ఏడాదికి 25కి పైగా మొత్తం థైరాయిడ్ తీసే ఆపరేషన్లు చేసే సర్జన్ల చేతిలో ఇబ్బందులు తక్కువని 2017లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తేలింది. అలాగే ఆపరేషన్‌కి ముందే స్వరతంతువులు ఎలా కదులుతున్నాయో ఒకసారి చూడమనండి. గొంతు మీద బతికే ఉద్యోగమైతే, అంటే టీచరో గాయనో అయితే, ఆ మాట సర్జన్‌కి ముందే చెప్పాలి.

ఆపరేషన్ రోజు రాత్రి పక్కన ఉండేది మీరే అయితే ఇవి గుర్తుపెట్టుకోండి. మొదటి 24 గంటల్లో మెడ బిగుసుకుపోయినట్టు ఉబ్బడం, ఊపిరి తీసుకోవడం కష్టమవడం కనపడితే క్షణం ఆగకుండా నర్సును పిలవాలి, లోపల రక్తం చేరితే అది నిజమైన ఎమర్జెన్సీ. గొంతు కొన్నాళ్లు బొంగురుగా ఉండటం, మింగితే నొప్పి మామూలే. మొత్తం గ్రంథి తీసినవాళ్లలో రెండో రోజుకో మూడో రోజుకో పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, చీమలు పాకినట్టు అనిపిస్తే కాల్షియం తగ్గిందని అర్థం. థైరాయిడ్ వెనక అంటిపెట్టుకుని నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఆపరేషన్‌లో వాటికి రక్తం అందడం తగ్గితే ఇలా అవుతుంది. ఎక్కువ మందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, ఈలోగా కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఇస్తారు. చేతివేళ్లు కొంకర్లు పోతుంటే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు.

రేడియో అయోడిన్ గురించి. సగం తీసినవాళ్లకు ఇది ఉండదు, మిగిలిన సగం గ్రంథే దాన్ని పీల్చేసుకుంటుంది. మొత్తం తీసినవాళ్లలో కూడా అందరికీ అక్కర్లేదు. తక్కువ రిస్కు ఉన్నవాళ్ల మీద ఫ్రాన్స్‌లో చేసిన ఒక ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి: ఇచ్చినవాళ్లలోనూ ఇవ్వనివాళ్లలోనూ 95 శాతానికి పైగా మూడేళ్ల పాటు ఏ సమస్యా లేకుండా ఉన్నారు, తేడా లేదు. కాబట్టి "ఎందుకైనా మంచిది, ఇచ్చేద్దాం" అని ఎవరైనా అంటే దేనికోసం అని అడగండి. లింఫ్ గ్రంథులకు ఎక్కువగా పాకినవాళ్లకు, గ్రంథి దాటి పక్క కండరాల్లోకి వెళ్లినవాళ్లకు, ఊపిరితిత్తుల్లో ఉన్నవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే మందు, వాళ్లు భయపడి మానకూడదు. నోరు ఎండిపోవడం, లాలాజల గ్రంథులు వాయడం లాంటివి కొందరికి వస్తాయి. తీసుకున్నాక కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, పాలిచ్చే తల్లి అయితే చాలా ముందే పాలు మాన్పించాలి. 34 ఏళ్ల అమ్మాయికి పిల్లల ప్లాన్ ఉంటే ఈ ఒక్క కారణంతోనే అయినా ముందు కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇక మాత్ర. లెవోథైరాక్సిన్ పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆపరేషన్ తర్వాత కాల్షియం కూడా వేసుకునేవాళ్లు రెండూ కలిపి మింగేసి, టీఎస్‌హెచ్ ఎందుకు దిగట్లేదని డోసు పెంచుకుంటూ పోవడం నేను చాలాసార్లు చూశాను. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగితేనే రక్తపరీక్షకు అర్థం ఉంటుంది. రిస్కు ఎక్కువున్నవాళ్లకు టీఎస్‌హెచ్ కావాలనే బాగా తగ్గించి ఉంచుతారు, మీ అక్క లాంటివాళ్లకు అంత అక్కర్లేదు, అనవసరంగా తగ్గిస్తే ఏళ్లు గడిచేకొద్దీ గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం వస్తాయి. మాత్ర వాడుతూ గర్భం వస్తే తెలిసిన వెంటనే డాక్టరుకి చెప్పాలి, డోసు సాధారణంగా పావు వంతుకు పైనే పెంచాల్సి వస్తుంది. మానేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కాదు.

తర్వాత గమనించడానికి మెడ అల్ట్రాసౌండ్, థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రొటీన్) అనే రక్తపరీక్ష వాడతారు. మొత్తం తీసినవాళ్లలో అది దాదాపు సున్నాకి రావాలి, సగం ఉన్నవాళ్లలో అలా రాదు, మిగిలిన గ్రంథి దాన్ని తయారుచేస్తూనే ఉంటుంది కాబట్టి అంకె చూసి బెంబేలెత్తకండి, స్కాన్ మీదే ఎక్కువ ఆధారపడతాం. ప్రతిసారీ దాంతో పాటు యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ కూడా చేయించాలి, అది ఎక్కువుంటే మొదటి అంకెను నమ్మలేం. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి, ఈ అంకెలను అది తారుమారు చేస్తుంది.

ఆపరేషన్ అయ్యాక వచ్చే బయాప్సీ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, డిశ్చార్జ్ కాగితంలో రాసే ఒక్క లైను సరిపోదు. అందులో గడ్డ సైజు, ఉపరకం, అంచులు శుభ్రంగా ఉన్నాయా, రక్తనాళాల్లోకి వెళ్లిందా, ఎన్ని లింఫ్ గ్రంథులు తీస్తే ఎన్నింట్లో ఉంది అన్నవి ఉంటాయి. రెండో సగం సంగతి, మాత్ర డోసు, స్కాన్ ఎన్ని నెలలకోసారి అన్నది ఆ కాగితం చూసే చెప్పగలం, అంతకుముందు ఎవరు చెప్పినా అది అంచనాయే.